ఆంకీ యాప్: పైస్థాయి ఇంగ్లీషు మాటలు నోటికి రావాలంటే

ఇంగ్లీషు ఇప్పుడే మొదలుపెట్టిన వాళ్లకు ఆంకీ వద్దని ముందే చెబుతున్నాను. మనం రాసుకున్న ప్రశ్న, జవాబు కార్డులను మర్చిపోకముందే మళ్లీ మళ్లీ చూపించే యాప్ అది. పాఠం చెప్పదు, తప్పు దిద్దదు, ఎదురుగా కూర్చుని మాట్లాడించదు. మెయిల్ రాయడం వచ్చు, ఇంగ్లీషు పేపరు చదివితే విషయం తెలుస్తుంది, అయినా ఏళ్ల తరబడి గుడ్, బ్యాడ్, ప్రాబ్లమ్, ఇష్యూలతోనే నెట్టుకొస్తున్నామని లోపల బాధ ఉన్నవాళ్లకు మాత్రం ఇంతకన్నా మంచి సాధనం నాకు కనపడలేదు. పైగా ఆండ్రాయిడ్ ఫోనులో పైసా ఖర్చు లేదు.

నేను ఒంగోలులో ఒక గ్రానైట్ ఎగుమతి ఆఫీసులో డాక్యుమెంట్ల పని చూస్తాను. పదో తరగతి దాకా తెలుగు మీడియం, పొదిలి దగ్గర పల్లెలో. మేము పంపేది చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ, నల్లరాయిలో బంగారు చుక్కలు మెరిసే రకం. ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్ట్, బిల్ ఆఫ్ లేడింగ్ దాకా ఇంగ్లీషుతో నాకు ఇబ్బంది లేదు. అవన్నీ ఫారాలే, ఖాళీలు నింపితే అయిపోతుంది. రాయిలో ఏదైనా తేడా కనపడిందని కొన్నవాళ్ల దగ్గర నుంచి ఫొటోలు వచ్చినప్పుడు మొదలవుతుంది అసలు పని. క్వారీలో మావాళ్లు లైను, ప్యాచ్, క్రాక్ అని మూడు మాటల్లో తేల్చేస్తారు. అవతలి నుంచి వచ్చే మెయిల్లో బ్లెమిష్, ఫ్లా, డిఫెక్ట్, ఇంపర్ఫెక్షన్ అని నాలుగు ఉంటాయి. డిక్షనరీలో చూస్తే నాలుగింటికీ లోపమనే ఉంటుంది. కానీ బ్లెమిష్ అంటే చూపుకు ఆనే పైపై మచ్చ. జవాబులో మనమే డిఫెక్ట్ అని రాశామంటే సరుకే సరిగా లేదని మనంతట మనం ఒప్పుకున్నట్టు వాళ్లు చదువుకుంటారు. ఆ తర్వాత బేరం ఎక్కడికి పోతుందో ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు.

పైస్థాయి ఇంగ్లీషు అంటే ఇదే. ఎవరూ వాడని పెద్ద పెద్ద మాటలు కావు, దగ్గర దగ్గరగా ఉండే మాటల్లో ఏది ఎక్కడ పడుతుందో తెలియడం. యూరప్ వాళ్లు భాష రావడాన్ని ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లుగా లెక్కేస్తారు. మనలో ఉద్యోగాలు చేసుకుంటున్న చాలామందిమి నాలుగో మెట్టు అయిన బీ2 దగ్గర ఆగిపోతాం. అక్కడ పని జరిగిపోతుంది కాబట్టి పైకి ఎక్కాలన్న తొందర ఉండదు.

ఈ యాప్ సంగతి నాకు చెప్పింది చెక్ దేశంలోని ప్రాగ్‌లో ఉండే ఒకావిడ. మా రాయి కొనే కంపెనీలో నాలాగే కాగితాల పని చూస్తుంది. ఆమె మాతృభాష చెక్. ఆవిడ మెయిళ్లు చదువుతుంటే ముచ్చటేసేది, అంత తూకంగా రాస్తుంది. ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే పెద్ద జవాబే రాసింది. బడిలో బీ2 దాకా వచ్చాక కేంబ్రిడ్జి వాళ్ల సీ1 పరీక్ష కోసం ఆంకీ మొదలుపెట్టిందట, పరీక్ష అయిపోయినా వదల్లేదట.

ఆ జవాబులో నాకు బాగా పనికొచ్చిన సంగతి, చెక్ వాళ్లకు ఏది తేలికో ఏది కష్టమో ఆమె విడదీసి చెప్పిన తీరు. చెక్‌లోనూ మన తెలుగులో లాగే ఎ, యాన్, ద లాంటివి లేవు. అక్కడ ఇద్దరం ఒకే చోట తడబడతాం. కానీ లాటిన్ నుంచి వచ్చిన మాటలు చెక్‌లో బోలెడు. క్వాలిటీని వాళ్లు క్వలిత అంటారు, ఇన్ఫర్మేషన్‌ను ఇన్ఫర్మత్సె అంటారు. మనం చెమటోడ్చి నేర్చుకునే పొడుగాటి ఇంగ్లీషు మాటలు కొన్ని వాళ్లకు పుట్టింటి చుట్టాలే. ఆ చుట్టరికంతోనే చిక్కు కూడా వస్తుంది. చెక్‌లో ఎవెంతువాల్న్యె అంటే 'అవసరమైతే, కుదిరితే' అని. ఇంగ్లీషు ఈవెంచువల్లీ అంటే 'చివరికి' అని. వాళ్ల కంపెనీలోనే ఇంకొకాయన ఒకసారి రెండో కంటైనర్ 'ఈవెంచువల్లీ' తీసుకుంటామని రాశాడు. మా ఆఫీసులో అందరం ఆర్డర్ ఖాయమనే అనుకున్నాం. బ్లాకులు లోడింగ్‌కు పెట్టకముందే ఈవిడ ఫోన్ చేసి, ఆయన ఉద్దేశం 'కావాల్సి వస్తే' అని మాత్రమేనని చెప్పింది. అలాగే అక్తువాల్ని అంటే చెక్‌లో 'ఇప్పటి, తాజా' అని, యాక్చువల్ కాదు. ఇలాంటి మాటలన్నిటికీ ఆవిడ ఆంకీలో విడిగా ఒక డెక్, అంటే కార్డుల కట్ట, పెట్టుకుంది.

మనకు ఆ రకం చిక్కు బయటి నుంచి రాదు, మన ఆఫీసుల్లోనే పుడుతుంది. 'విల్ రివర్ట్' అని మనం రోజూ రాస్తాం, జవాబిస్తామని. విదేశీయులు చాలామందికి ఆ మాట 'పాత స్థితికి వెళ్లిపోవడం' అనే తెలుసు. డౌట్ అంటే మనకు ప్రశ్న, వాళ్లకు అనుమానం. 'ఐ హావ్ ఎ డౌట్ అబౌట్ యువర్ పేమెంట్' అని రాస్తే ఎదుటివాళ్ల మొహం ఎలా మారుతుందో ఊహించుకోండి. నా మొదటి డెక్ ఇలాంటి మాటలతోనే పెట్టాను. తెలుగువాళ్లు ఎవరు మొదలుపెట్టినా ఇక్కడి నుంచే మొదలుపెట్టమంటాను.

యాప్ చేసే పని చాలా మామూలుగా కనపడుతుంది. ఒక కార్డు, ముందువైపు ప్రశ్న, వెనకవైపు జవాబు. చూసుకున్నాక ఎగైన్, హార్డ్, గుడ్, ఈజీ అని నాలుగు మీటల్లో ఒకటి నొక్కాలి. తేలిగ్గా గుర్తొచ్చిన కార్డు మళ్లీ కనపడటానికి రోజులు పడుతుంది, ఆ తర్వాత నెలలు. గుర్తురానిది కాసేపటికే ఎదురవుతుంది. దీని వెనక పెద్ద చరిత్రే ఉంది. కొత్తగా నేర్చుకున్నది ఎంత వేగంగా చెదిరిపోతుందో 1885లోనే ఎబింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త తన మీదే ప్రయోగాలు చేసుకుని రాశాడు. పోలండ్‌లో వోజ్నియాక్ అనే విద్యార్థి ఇంగ్లీషు మాటలు, జీవశాస్త్రం గుర్తుంచుకోవడానికి కాగితాల మీద లెక్కలు కట్టి, 1987లో ఆ లెక్కను కంప్యూటర్‌కు ఎక్కించాడు. డేమియన్ ఎల్మ్స్ 2006లో విడుదల చేసిన ఆంకీ ఆ లెక్కను ఆధారం చేసుకున్నదే. 2023 చివర్లో ఎఫ్ఎస్ఆర్ఎస్ అనే కొత్త లెక్క కూడా చేర్చారు. అది మనం నొక్కిన మీటలను బట్టి మన మతిమరుపు తీరు ఎలాంటిదో చూసుకుని రోజులు నిర్ణయిస్తుంది. డెక్ ఆప్షన్స్‌లోకి వెళ్లి దాన్ని ఆన్ చేసుకోండి. రోజువారీ కొత్త కార్డుల సంఖ్య తప్ప, దాని సంగతి తర్వాత చెబుతాను, ఇంకేమీ కదిలించకండి.

క్వారీలో మార్కింగ్ రోజు బ్లాకు మీద నీళ్లు కొడతారు. రాయంతా ఆరిపోయినా క్రాక్ ఉన్నచోట తడి సన్నటి గీతలా నిలబడిపోతుంది. వట్టి కంటికి కనపడని పగులు అలా బయటపడుతుంది. ఆంకీ రోజూ మన జ్ఞాపకం మీద నీళ్లు కొడుతుంది. వచ్చనుకున్న మాటల్లో ఏది నిజంగా రాలేదో దాచుకోవడానికి వీలుండదు.

కార్డు ఎలా రాస్తామన్న దాని మీదే మొత్తం ఆధారపడి ఉంది కాబట్టి నా కార్డు ఒకటి పూర్తిగా చూపిస్తాను. 'వేవ్' (waive) అనే క్రియ ఉంది కదా, చెయ్యి ఊపడం కాదు, రావాల్సిన డబ్బునో షరతునో వదులుకోవడం. నా కార్డు ముందువైపు ఇలా ఉంటుంది: 'వియ్ ఆర్ విల్లింగ్ టు [ఖాళీ] ద ఇన్‌స్పెక్షన్ చార్జెస్ దిస్ టైమ్.' కింద చిన్న అక్షరాల్లో తెలుగులో 'రావాల్సిందే, అయినా ఈసారికి వదిలేస్తున్నాం'. వెనకవైపు ఆ మాట, దాని కింద అది ఏయే మాటలతో కలుస్తుందో: ఫీ, చార్జ్, రైట్, కండిషన్. చివర్లో ఇంకో లైను: 'రుణమాఫీ, లోన్ వేవర్'. రుణమాఫీ అన్నమాట వినని తెలుగు ఇల్లు లేదు. ఇంగ్లీషు పేపర్లో లోన్ వేవర్ అని చూస్తే అందరికీ అర్థమవుతుంది. అదే మనిషిని చార్జీలు వదిలేస్తున్నామని ఇంగ్లీషులో రాయమంటే 'వియ్ విల్ నాట్ టేక్' అని రాస్తాడు. చూస్తే గుర్తుపట్టే మాట వేరు, అవసరానికి చేతికి వచ్చే మాట వేరు. ఖాళీ పెట్టిన వాక్యం మొదటిదాన్ని రెండోదిగా మారుస్తుంది. యాప్‌లో ఈ రకం కార్డును క్లోజ్ (cloze) అంటారు. పైస్థాయి మాటలకు నేను వేరే రకం వాడను. ఒకపక్క ఇంగ్లీషు మాట, ఇంకోపక్క తెలుగు అర్థం పెట్టే కార్డు కింది మెట్లకు సరిపోతుంది గానీ ఇక్కడ చాలదు.

వాక్యం కూడా మన సొంత పనిలోదే అయి ఉండాలి. నేను ప్రాగ్ నుంచి వచ్చిన మెయిళ్లలో బాగున్న వాక్యాన్ని తీసుకుంటాను, పేర్లూ అంకెలూ మార్చి ఎక్కిస్తాను. ఎక్కించేముందు ఆక్స్‌ఫర్డ్ లేదా లాంగ్‌మన్ వాళ్ల లెర్నర్స్ డిక్షనరీలో ఆ మాట చూస్తాను, రెండూ నెట్‌లో ఉచితమే. రిజెక్ట్‌కు ఔట్‌రైట్ తోడు పడుతుందని, క్లెయిమ్‌ను సెటిల్ చేస్తారని, అబ్జెక్షన్‌ను రెయిజ్ చేస్తారని వాటిలో ఉదాహరణలతో దొరుకుతుంది. ఈ పని తప్పదు. మనం తప్పు వాక్యం ఎక్కిస్తే ఆంకీ దాన్నే అంత నిష్ఠగా కంఠతా పట్టిస్తుంది.

తయారుగా దొరికే డెక్‌లు వేలకొద్దీ ఉన్నాయి, చాలావరకు ఉచితం. జీఆర్ఈ మాటలవి, అకడమిక్ వర్డ్ లిస్ట్‌వి. ఆ రెండోది 2000లో ఎవరిల్ కాక్స్‌హెడ్ అనే పరిశోధకురాలు పాఠ్యపుస్తకాలు, వ్యాసాలు జల్లెడపట్టి తీసిన 570 పదకుటుంబాల జాబితా. ఒక మాట, దాని నుంచి పుట్టిన రూపాలు కలిపి ఒక పదకుటుంబం. పై చదువులకు వెళ్లేవాళ్లకు చాలా విలువైనది. జాబితా మంచిదే, కానీ ఎవరో రాసిన కార్డు మనకు అంటదు. ఆ వాక్యంలో మనిషి మనకు తెలియడు, సందర్భం తెలియదు. జాబితాను పక్కన పెట్టుకుని, మన చదువులో ఆ మాట ఎదురైనప్పుడు మన కార్డు మనం రాసుకుంటే రెండు లాభాలూ దక్కుతాయి.

మా ఊళ్లో ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు అడ్వాన్స్‌డ్ వొకాబులరీ అని ఓ పుస్తకం అమ్ముతున్నారు. ఏ నుంచి జెడ్ దాకా వరస, పక్కన ఒక్క ముక్క తెలుగు అర్థం. అబేట్, అబెరేషన్, అబెట్, అబేయన్స్... ఒకేలా మొదలయ్యే మాటలన్నీ ఒకే రోజు చదివితే ఒకదానిమీద ఒకటి పడి కలగాపులగం కాక ఏమవుతుంది? దానికి డబ్బు తీసుకోవడం నాకు నచ్చలేదు. పిల్లలు ఎంతో ఆశతో కొంటున్నారు. నేను బ్లెమిష్, ఫ్లా, డిఫెక్ట్ మూడింటికీ కార్డులు పెట్టుకున్నాను గానీ ఒక్కోదాన్ని వేరే వేరే వారాల్లో, ఒక్కోదానికి ఒక్కో రాయి ఫొటో పెట్టి ఎక్కించాను. కార్డులో ఫొటో పెట్టే వీలుంది. నా పనికి అది వాక్యం కన్నా ఎక్కువ సాయపడింది.

నెల్లూరులో మా ఆడపడుచు కూతురు నర్సింగ్ పూర్తిచేసి ఐఈఎల్‌టీఎస్‌కు తయారవుతోంది. ఆ పరీక్షలో రాయడానికి, మాట్లాడటానికి మార్కులేసేది నాలుగు విషయాలు చూసి. పదసంపద వాటిలో ఒకటి, అంటే నాలుగో వంతు. అది విన్నప్పటి నుంచి ఆ పిల్లకు ఒకటే టెన్షన్.

"అత్తా, పెద్ద పెద్ద మాటలు వాడితేనే మార్కులంట. ఆ లిస్టు మొత్తం యాప్‌లో ఎక్కించేదా?" అని ఫోన్ చేసింది.

"లిస్టు ఎందుకమ్మా. నీ దగ్గరికొచ్చే పేషంట్లు నొప్పిని ఎన్ని రకాలుగా చెప్తారో ముందు అది రాయి" అన్నాను.

ఆ సాయంత్రమే రాసి పంపింది. పోటు, సలపరం, మంట, తిమ్మిరి, గుచ్చినట్టుండటం, పీకుతుండటం, మెలిపెట్టడం. ఎంత చక్కగా రాసిందో! నొప్పి గురించి తెలుగులో ఇంత ఉంది, ఇంగ్లీషుకు వచ్చేసరికి మాత్రం అందరం పెయిన్, సివియర్ పెయిన్ దగ్గర ఆగిపోతాం. కూర్చుని ఒక్కోదానికి వెతికాం. సలపరానికి త్రాబింగ్, గుచ్చినట్టుండటానికి స్టాబింగ్, తిమ్మిరిలో చురుకుచురుకుమనేదానికి టింగ్లింగ్, మొద్దుబారిపోతే నంబ్‌నెస్, ఆగకుండా పీకుతుంటే డల్ ఏక్, కడుపులో మెలిపెడితే క్రాంప్. పోటు దగ్గర చాలాసేపు ఆగాం. పంటిపోటుకు కుదిరిన మాట పక్కటెముకల్లో పోటుకు కుదరలేదు, అందుకని దాన్ని రెండు కార్డులు చేసింది. ఈ డెక్‌కు మాత్రం ముందువైపు తెలుగే ఉంచమన్నాను. మనసులో అర్థం ముందే పూర్తిగా ఉంది, దానికి ఇంగ్లీషు మాట తగిలిస్తే చాలు. వాక్యం మాత్రం పేషంట్ చెప్పినట్టే ఉండాలన్నాను. పరీక్ష కోసం మొదలుపెట్టినా రేపు ఏ దేశం ఆసుపత్రిలో నిలబడినా ఆ పిల్లకు కావాల్సింది ఈ మాటలే.

ఇబ్బందులూ చెప్పాలి. చూడటానికి ఆంకీ ఏమంత అందంగా ఉండదు. సెట్టింగులు తెరిస్తే తల తిరిగేటన్ని. ఏ మాట నేర్చుకోవాలో అది చెప్పదు, ఆ ఎంపిక భారం మనదే. నాలుగు రోజులు ముట్టుకోకపోతే బాకీ పేరుకుంటుంది, సంక్రాంతికి ఊరెళ్లొచ్చేసరికి కార్డులు గుట్ట పడి ఉంటాయి. దీనికి నా సలహా ఒకటే. రోజుకు కొత్త కార్డులు 20 అని యాప్ ముందే పెట్టి ఉంచుతుంది, దాన్ని 5కు దించండి. పైస్థాయి మాట ఒక్కోటి నిజంగా పట్టుబడటానికి టైం పడుతుంది, రోజుకు ఐదు చాలు. నేను చీమకుర్తి యార్డుకు వెళ్లే రోజు కర్నూలు రోడ్డులో బస్సు సీటు దొరికిన దగ్గర నుంచి దిగేలోపు ఆ రోజువన్నీ అయిపోతాయి. నెట్ లేకపోయినా నడుస్తుంది.

ఇంకొకటి నాకు చాలా నచ్చింది. ఎనిమిది సార్లు మర్చిపోయిన కార్డును యాప్ లీచ్ అని, అంటే జలగ అని గుర్తుపెడుతుంది, సెట్టింగును బట్టి పక్కకు కూడా తీసేస్తుంది. అదే కార్డును మళ్లీ లోపల పడేయకండి. ఆ వాక్యంలోనే ఏదో తేడా ఉంది. వేరే వాక్యంతో కొత్తగా రాయండి, లేదంటే ఆ మాట మనకు అక్కర్లేదని వదిలేయండి. పాల్ నేషన్ అనే భాషావేత్త 2006లో వేసిన లెక్క ప్రకారం, ఇంగ్లీషు నవలో పేపరో సాయం లేకుండా చదువుకోవడానికి ఎనిమిది తొమ్మిది వేల పదకుటుంబాలు తెలియాలి. అంత పెద్ద సముద్రంలో ఒక మాట వదిలేస్తే నష్టమేమీ లేదు.

దించుకునేటప్పుడు జాగ్రత్త. ప్లే స్టోర్‌లో ఆంకీడ్రాయిడ్ అని ఉంటుంది, స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు నడుపుతున్నది. ఉచితం, ప్రకటనలు లేవు. ఇంచుమించు ఇదే పేరుతో డబ్బులడిగే యాప్‌లు వేరే ఉన్నాయి, వాటికీ దీనికీ సంబంధం లేదు. కంప్యూటర్‌లోనూ ఉచితమే. కార్డులు రాయడం కంప్యూటర్‌లో, చూసుకోవడం ఫోనులో పెట్టుకుంటే హాయి. ఆంకీవెబ్‌లో ఒక ఖాతా తెరిస్తే రెండూ కలిసిపోతాయి, దానికీ డబ్బు లేదు. ఐఫోన్‌కు మాత్రం యాప్ కొనాలి, దాదాపు 25 డాలర్లు. ఒకసారి కడితే చాలు, నెలనెలా కట్టేది కాదు. మా మేనకోడలి అన్నయ్య వాడేది ఐఫోనే. కొనకుండా బ్రౌజర్‌లో ఆంకీవెబ్ తెరిచి చూసుకుంటున్నాడు. రోజువారీ కార్డులు తిప్పుకోవడానికి అది సరిపోతుంది, కాకపోతే నెట్ ఉండాలి.